జ్వరం పుల్ల

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులోని మహాలక్ష్మమ్మ కొట్టుకి వెళ్లి ధర్మామీటరు ఉందా అని అడిగితే, ఆవిడ "జ్వరం పుల్లేనా?" అని ఖాయం చేసుకుని మరీ తీసిచ్చేది. ధర్మాకోలు షీటు అడిగిన బడిపిల్లలకి "తెల్లబెండు లోపలున్నాది, తెస్తానుండండి" అనేది. రైలు దిగి వచ్చిన కొత్తవాళ్లు ఇవి ఈ ప్రాంతపు మాటలు కాబోలనుకునేవారు. ఈ ప్రాంతమంతా జల్లెడ పట్టినా అవి ఇంకో నోట వినపడవు. అవి ఆవిడ సొంత తయారీ. ఎందుకు తయారు చేసుకోవలసి వచ్చిందంటే, ఆవిడ భర్త పేరు ధర్మారావు.

మొగుడి పేరు పెళ్లాం నోటితో అంటే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని బొబ్బిలిలో ఆవిడ నాయనమ్మ చెప్పి పంపింది. అలా చెప్పించుకుని అత్తవారింటికి వచ్చిన ఆడవాళ్లు ఆ రోజుల్లో ఇంటికొకరు ఉండేవారు. వాళ్లంతా ఆ పేరొక్కటి మానేసి మిగతా భాషని మామూలుగానే వాడుకున్నారు. మహాలక్ష్మమ్మది అరకొర వ్యవహారం కాదు. పదిహేనో ఏట కాపురానికి వచ్చింది మొదలు డెబ్భయ్యో ఏటి దాకా ఆ రెండక్షరాలూ ఏ మాటలో ఉన్నా ఆ మాటని పెదవి దాటనివ్వలేదు. తిరుపతిలో ధర్మదర్శనం ఆవిడకి ఊరక దర్శనం. ధర్మవరం చీర ఆ ఊరి పట్టు. హరికథలో ధర్మరాజు జూదమాడితే, ఆవిడ ఇంటికొచ్చి అయిదుగురిలో పెద్దాయన అంతా పోగొట్టీసినాడని చెప్పేది. వీధి చివరున్న సర్కారు వైద్యశాలని పేటంతా ధర్మాసుపత్రి అంటే ఆవిడ ఒక్కతీ సూదులిల్లు అనేది. బిచ్చగాళ్లు వచ్చి ధర్మం చెయ్యి తల్లీ అని మొదలుపెడితే, ఆ మాట రెండోసారి అనకుండా గబగబా పిడికెడు బియ్యం ఎక్కువే వేసి పంపేసేది. ఈ సంగతి బిచ్చగాళ్లకి తెలుసు కాబట్టి ఆవిడ గుమ్మం ముందు ఆ మాట కాస్త గట్టిగానే అనేవారు.

చదువు అయిదో తరగతి. అయితేనేం, కొట్టులో రెండు వందల పైచిలుకు డబ్బాలుంటే ఒక్క దాని మీదా చీటీ ఉండేది కాదు. ఏ డబ్బాలో ఏముందో, ఏది అడుగంటిందో, ఏ ఇంట్లో ఎవరికి మినప్పప్పు పడదో, ఎవరి అమ్మాయి ఎన్నో నెలలో ఉందో, ఇవన్నీ ఆవిడకి చీటీల్లేకుండానే తెలుసు.

ఇక ధర్మారావు. డెబ్భై ఆరేళ్లవాడు. ఇస్త్రీ తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చూడగానే పలకరింపు. మాటకారితనంలో స్టేషన్ రోడ్డు మొత్తానికి ఆయనే పెద్ద. కొట్టు ఆయనదని, ఆవిడ పక్కన కూచుని సాయం చేస్తుందని పేటలో అందరి లెక్క. ఏడాదిన్నరగా నిజం దీనికి తలకిందులుగా ఉంది. ధర్మారావుకి మతి జారిపోతోంది. ఒకనాడు పదేళ్ల కిందట పోయిన తమ్ముడు ఇంకా భోజనానికి రాలేదేమని అడిగాడు. ఇంకోనాడు రైల్వే గేటు దాకా వెళ్లి, ఇంటికి ఏ వైపు తిరగాలో తెలియక గంటసేపు అక్కడే నిలబడి, వచ్చేపోయేవాళ్లని నవ్వుతూ పలకరిస్తూ ఉండిపోయాడు. చూసినవాళ్లు షావుకారు గారికి ఎంత కలుపుగోలుతనమో అనుకున్నారు.

మహాలక్ష్మమ్మ ఆ రోజు నుంచీ తన ముక్కాలి పీటని ఆయన ఎడం పక్కకి జరుపుకుంది. గిరాకీ మెట్టెక్కే లోపల పైట చాటున అందించేది. "ఎల్లాజీ వస్తన్నాడు. కోడలు పురిటికెళ్లినాది." వెంటనే ధర్మారావు గొంతెత్తి, ఏరా ఎల్లాజీ, కోడలు పురిటికెళ్లినాదటగా, కబురేటని అడిగేవాడు. తాపీపని చేసుకునే నా ఇంటి సంగతి కూడా షావుకారు ఇంత గుర్తు పెట్టుకున్నాడే అని ఎల్లాజీ పొంగిపోయి, కావలసిన దానికంటే ఇంకో రెండు సరుకులు కట్టించుకుని వెళ్లేవాడు. ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కన్నకొడుక్కి కూడా. చెబితే కొట్టు మాన్పించి ఆయన్ని మంచాన కూచోబెడతారు. కొట్టు లేని ధర్మారావు నెల్లాళ్లు బతకడని ఆవిడ నమ్మకం. ఆయన పక్కన తన పీట ఉన్నంత కాలం ఆయన షావుకారే. ఆ పీట తీసేస్తే ఆయన ఏమవుతాడో తలుచుకున్నప్పుడల్లా ఆవిడ దాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకునేది. దేవుణ్ని ఆవిడ వేరే ఏమీ అడిగేది కాదు, ఆ పీట చాలు.

అది రెండువేల పద్దెనిమిది, ఆగస్టు నెల. అరవై దాటిన వాళ్లకి మతిమరుపు ఉందో లేదో ప్రతి ఆసుపత్రిలోనూ చూడాలని పై నుంచి ఒక కాగితం వచ్చింది. మంచి ఆలోచనే, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిది ప్రశ్నలు, పది మార్కులు, అయిదు నిమిషాల్లో అయిపోయే పరీక్ష. ఆరుకి తగ్గితే అనుమానం అని రాయాలి, తర్వాత, వంతు వచ్చినప్పుడు, డాక్టరు చూడాలి. పరీక్ష పెట్టేవాళ్లకి రెండు రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. మొదటి రోజు జ్యోతి వెలిగించి భోజనం చేశారు. రెండో రోజు భోజనం చేసి గ్రూపు ఫోటో దిగారు. మధ్యలో దొరికిన ముప్పావుగంటలో ప్రశ్నలు నేర్పించారు. కాగితంలో ఉన్న మాటే రావాలి, దగ్గర మాటకి మార్కు లేదని చెప్పారు. గుర్తుపెట్టుకోమన్న పేరు, అడ్రసుకి మూడు మార్కులు, అవి వరసగానే చెప్పాలి, మొదటి మాట తప్పితే మిగతాది లెక్కలోకి రాదని కూడా చెప్పారు. ఈ రెండో నియమం అసలు కాగితంలో లేదు. శిక్షణ ఇచ్చే పెద్దమనిషి వంటగది వైపు చూస్తూ తొందరలో అన్న మాట అది.

పేట ఆసుపత్రికి వచ్చిన పిల్ల పేరు దీపిక. ఇరవై మూడేళ్లది, ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చింది. మూడో తరగతి నుంచీ హాస్టళ్లలో పెరిగింది, అమ్మమ్మల మధ్య తిరిగిన పిల్ల కాదు. శ్రద్ధ గలది, మర్యాద గలది. ఆ బుధవారం మధ్యాహ్నం రెండు లోపల అరవై మందిని పూర్తి చెయ్యాలని ఆ పిల్ల మీద ఉత్తర్వు ఉంది. వరండాలో బ్యానరు కట్టారు, మజ్జిగ పేకెట్లు పంచారు, పేటలోని ముసలివాళ్లంతా మజ్జిగ కోసం వచ్చి పరీక్షకి చిక్కారు.

కొడుకు విజయ్‌కుమార్ తల్లినీ తండ్రినీ స్కూటరు మీద ఒకరి తర్వాత ఒకరిని తెచ్చి దింపి, పక్కపక్కనే కుర్చీల్లో కూచోబెట్టాడు. ముందు ధర్మారావు వంతు. ఈ రోజు ఏ వారం తాతగారూ అని దీపిక అడిగింది. నువ్వు మా ఊరికొచ్చిన వారమే తల్లీ అని ఆయన నవ్వి, పక్కకి తిరిగాడు. మహాలక్ష్మమ్మ ఒళ్లో నాలుగు వేళ్లు చాపింది. ఆది, సోమ, మంగళ, బుధ. బుధవారం అన్నాడాయన. నెలా, సంవత్సరమూ పైట చాటు నుంచే అందాయి. ఆవిడకిది దొంగతనమని తోచనే లేదు. ఏడాదిన్నరగా కాపురం చేస్తున్న పద్ధతే అది.

ధర్మామీటరు చూపించి ఇదేమిటంటే, ఇంకేటి, నా పేరే కదా అని పకపకా నవ్వాడు. ఎక్కడున్నామంటే ధర్మాసుపత్రి, ఇదీ నా పేరే అన్నాడు. దీపిక కూడా నవ్వేసింది. గడియారం బొమ్మ గియ్యమంటే, నా చెయ్యి వణుకుతాదమ్మా, మా ఇంటిది గీస్తాది అని కాగితం పక్కకి తోశాడు, దీపిక వెనక వరసని సర్దే లోపల ఆవిడ చక్కగా గీసిచ్చింది. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే మాత్రం పదమూడు దాకా దిగి, మళ్లీ పధ్నాలుగు, పదిహేను అంటూ పైకెక్కేశాడు. అక్కడ ఆవిడ అందించలేకపోయింది, రెండు చేతులకీ కలిపి వేళ్లు పదే ఉన్నాయి. ఇక గుర్తుపెట్టుకోమని చెప్పిన పేరూ అడ్రసూ. కాగితం తయారు చేసిన మహానుభావుడు ఎవరో గాని ఆ పేరు ధర్మారావు అని పెట్టాడు. ధర్మారావు, నలభై రెండు, తూర్పు వీధి, రాజాం. సొంత పేరు ఆయన ఎందుకు మరిచిపోతాడు, ఠక్కున చెప్పాడు. మిగతా అడ్రసు ఎడం చెవిలో పడింది. పదికి తొమ్మిది. ఈ వయసులో ఇంత చురుకుదనం ఈ రోజు ఎవరిలోనూ చూడలేదని దీపిక మెచ్చుకుంది.

తర్వాత మహాలక్ష్మమ్మ. వారం, నెల, సంవత్సరం మంచినీళ్లలా చెప్పింది. వెనక్కి లెక్క సున్నా దాకా దిగిపోయింది. గడియారం అప్పుడే ఒకసారి గీసి ఉంది, రెండోది ఇంకా బాగా వచ్చింది. అప్పుడు దీపిక ధర్మామీటరు ఎత్తి పట్టుకుంది.

జ్వరం పుల్ల అంది ఆవిడ. దీన్ని ఏమంటారో పేరు చెప్పండి అంది దీపిక. జ్వరం పుల్లేనమ్మా, నాలిక కింద పెట్టుకుంటారు కదా అని ఆవిడ వివరించింది. దీపిక కాగితం మీద ఏదో రాసి, ఇప్పుడు మనం ఎక్కడున్నామని అడిగింది. ఆసుపత్రి అని ఊరుకుంటే సరిపోయేది. యాభై అయిదేళ్ల అలవాటు ఊరుకోనిస్తుందా? సూదులింట్లో అంది. దీపిక మళ్లీ రాసింది. తర్వాత ఇందాక చెప్పిన పేరూ అడ్రసూ అడిగింది. మహాలక్ష్మమ్మకి సిగ్గొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, పక్కనున్న మొగుణ్ని చూపించింది.

"ఆయన్ని కాదు అమ్మమ్మగారూ, నేను చెప్పిన పేరు."

"ఆ పేరు నేననకూడదమ్మా. నలబై రెండు, తూర్పు వీది..."

"పేరు ముందు చెప్పాలండీ."

ఆవిడ మళ్లీ మొగుణ్నే చూపించింది. వెనక వరసలో ఇంకా ముప్పై మంది మజ్జిగ తాగేసి విసుక్కుంటున్నారు. దీపిక అయిదు అని రాసి, కింద వివరం నింపింది. వస్తువు పేరు తట్టడం లేదు, వాడకం మాత్రం చెబుతున్నారు. ఉన్న చోటు తెలియదు. పేరు అడిగితే కారణం లేకుండా నవ్వి పక్కవాళ్లని చూపిస్తున్నారు. శిక్షణ పుస్తకంలో మతిమరుపు జబ్బు లక్షణాలు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి. దీపికకి ఆవిణ్ని చూసి నిజంగా జాలేసింది.

విజయ్‌కుమార్ ఆ కాగితం చదివి వరండాలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతను మంచివాడు. కొట్టు పక్కనే సెల్‌ఫోన్ల షాపు నడుపుకుంటూ, తల్లి అంటే ప్రాణం పెట్టే మనిషి. అయితే మంచివాళ్ల చేతిలో ఇలాంటి కాగితం పడితే వచ్చే ముప్పు చెడ్డవాళ్ల చేతిలో పడ్డా రాదు. సాయంత్రానికల్లా ఇంటర్నెట్లో జబ్బు గురించి ఉన్నదంతా చదివేశాడు. మర్నాటి నుంచి అమ్మ కొట్టుకి రానక్కర్లేదన్నాడు. నాన్న ఒక్కరూ చూసుకుంటారు, ఆయనకి తొమ్మిదొచ్చాయి, అమ్మకి విశ్రాంతి కావాలన్నాడు. ముక్కాలి పీట ఇంటికి వచ్చేసింది.

మహాలక్ష్మమ్మ నోరు విప్పలేదనుకునేరు. విప్పింది. నాకేటీ లేదురా, పేరు అనకూడదని ఊరుకున్నానని మొదటి రోజే చెప్పింది. జబ్బున్నవాళ్లు జబ్బు లేదనే అంటారమ్మా, అదే మొదటి లక్షణమని అతను ఫోను చూపించాడు. దీని మీద ఇంకేం వాదిస్తుంది? గట్టిగా వాదిస్తే కోపం ఎక్కువవడం రెండో లక్షణమట. మాట్లాడకుండా కూచుంటే మూడోది.

వంటింట్లో డబ్బాలన్నిటికీ కొడుకు చీటీలు అంటించాడు, అమ్మ తికమక పడకుండా. కంప్యూటరు మీద అచ్చు కొట్టించాడు గనక అవి ఇంగ్లీషులో ఉన్నాయి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. చీటీని వదిలేసి మూత తీసి వాసన చూసి వాడుకునేది, ఎప్పటిలాగే. వీధిలో వాళ్లు పలకరించడానికి వచ్చేవారు. రావడం మంచిదే, వచ్చిన ప్రతివాళ్లూ పరీక్ష పెట్టేవారు. నేనెవరో చెప్పు అని ఒకరు, నిన్న ఏం కూర తిన్నావని ఒకరు, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి అరిచేవారు. పక్క వీధి గున్నమ్మ అయితే తన ముగ్గురు కూతుళ్ల పేర్లూ చెప్పమంది. మహాలక్ష్మమ్మ ముగ్గురి పేర్లూ, వాళ్లు పుట్టిన నక్షత్రాలూ, రెండో దాని పెళ్లిలో గున్నమ్మ కట్టుకున్న చీర రంగూ చెప్పింది. పాపం పాతవన్నీ బాగానే ఉన్నాయి, కొత్తవే నిలవట్లేదని గున్నమ్మ బయటికి వెళ్లి చెప్పింది.

అవన్నీ ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది కొట్టు సంగతి. వంటింటి కిటికీలోంచి కొట్టు వెనక గోడ కనపడేది. అక్కడ ఆయన ఎడం పక్క ఎవరూ లేరు. మెట్టెక్కిన వాళ్లెవరో ఆయనకి తెలియదు. ఏమడిగారో రెండు నిమిషాల తర్వాత తెలియదు. అన్నం ముందు కూచుని కూడా ఆవిడ ఆ గోడకేసే చూసేది.

పన్నెండో రోజున గున్నమ్మ మనవరాలి నిశ్చితార్థం జరిగింది. తాంబూలంలో పెట్టడానికి అరకిలో పటికబెల్లం కావాలని పొద్దున్నే ఓ కుర్రాణ్ని పంపి ధర్మారావు దగ్గర కట్టించుకున్నారు. ఆయన పటిక కట్టిచ్చాడు. రెండూ తెల్లగా, గాజుముక్కల్లా ఒకేలా ఉంటాయి. ఒకటి నోట్లో వేసుకుంటారు, రెండోది గడ్డం గీసుకున్నాక తెగిన చోట రాసుకుంటారు. మగపెళ్లివారికి పెద్దదిక్కు పెళ్లికొడుకు తాతగారు. లగ్నపత్రిక చదివే ముందు నోరు తీపి చేసుకుందామని ఆయన ఓ పెద్ద ముక్క బుగ్గన పెట్టుకున్నారు. చదవబోతే వగరుకి పెదాలు విడలేదు. వియ్యపురాళ్లిద్దరూ ఒకరి మూతి ఒకరు చూసుకుని, అవతలి వాళ్లు తమని వెక్కిరిస్తున్నారనుకున్నారు. నలభై మంది మూతులు ముడుచుకుని కూచున్న నిశ్చితార్థం ఆమదాలవలస చరిత్రలో అదొక్కటే.

గున్నమ్మ మిగిలిన పొట్లం పట్టుకుని వచ్చింది. కొట్టుకి వెళ్లలేదు, నేరుగా మహాలక్ష్మమ్మ ఇంటికే వచ్చింది. మతిలేని మనిషిని కొట్టులోకి ఎందుకు రానిచ్చారని విజయ్‌కుమార్‌ని నిలదీసింది. అతను తల వంచుకుని, అమ్మ ఎప్పుడు వెళ్లిందో చూసుకోలేదు అత్తా అన్నాడు. ఆ వేళకి ధర్మారావు కూడా భోజనానికి వచ్చి ఉన్నాడు. ఈ పొట్లం ఎవరు కట్టారు నాన్నా అని కొడుకు అడిగాడు.

"అదే కట్టింది," అన్నాడాయన, భార్యని చూపిస్తూ. "నా పక్కనే కూసుని కట్టింది కదా."

ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో ఆవిడ ఇంకా అక్కడే కూచుని ఉంది. మహాలక్ష్మమ్మకి అది అర్థమైంది. నేనే కట్టినాను వదినా, మర్సిపోయినాను అని ఒప్పేసుకుంది. కొడుకు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు. అబద్ధం చెప్పినప్పుడే ఆవిణ్ని అందరూ నమ్మారు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆవిడ తాళం తీసుకుని కొట్టులోకి వెళ్లింది. పన్నెండు రోజుల్లో డబ్బాలన్నీ చోట్లు మారిపోయాయి. కిందటి అరలో మూలన ఉండవలసిన ఎలకల మందు బియ్యప్పిండి పక్కకి వచ్చి చేరింది. ఆవిడ దాన్ని గబుక్కున చేతిలోకి తీసుకుంది. ఇవాళ మూతులు ముడుచుకున్నాయి, రేపు ఏ పసిపిల్ల ఇంటికో ఈ పొట్లం వెళ్తే? తను మళ్లీ ఆ పక్కన కూచోవాలి. కూచోవాలంటే ఆ అయిదుని చెరిపించాలి. చెరిపించాలంటే ఒకే దారి ఉంది. ఆవిడ ఎలకల మందు డబ్బాని ఇంకెవరి చేతికీ చిక్కకుండా పైటలో చుట్టుకుని ఇంటికి తెచ్చేసి, ఆ వారమంతా ఆలోచించింది.

తర్వాతి బుధవారం మొగుణ్ని వెంటపెట్టుకుని నడిచి ఆసుపత్రికి వెళ్లింది. ఆ రోజు మజ్జిగ లేదు కాబట్టి జనం లేరు. దీపిక ఒక్కతీ కూచుని పాత కాగితాలు కంప్యూటరులోకి ఎక్కిస్తోంది. నన్ను మళ్లీ అడగమ్మా అంది మహాలక్ష్మమ్మ, కుర్చీలో కూచుంటూ. దీపిక కొత్త కాగితం వెతుక్కునే లోపల ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. తగ్గే ఆయుష్షేదో నాలోంచి తగ్గించు తండ్రీ అని మనసులో దణ్ణం పెట్టుకుంది.

"ధర్మారావు. నలబై రెండు. తూర్పు వీది. రాజాం."

పక్కన కూచున్న ధర్మారావు ఎవరో పిలిచారనుకుని ఇటూ అటూ చూశాడు. ఆవిడ కళ్లు తెరవలేదు. అది ధర్మామీటరు, ఇది ధర్మాసుపత్రి అని మిగతా రెండూ కూడా ఒక్క ఊపిరిలో అనేసి, అప్పుడు కళ్లు తెరిచింది. మూడు వారాల కిందట విన్న అడ్రసు. దీపిక ఈ లోపల ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎందుకు అప్పుడు చెప్పలేదని ఆ పిల్ల అడిగితే మహాలక్ష్మమ్మ నెమ్మదిగా చెప్పింది, మొగుడి పేరు ఆడది అనకూడదని, అంటే ఏమవుతుందో, అందుకే జ్వరం పుల్లని. దీపికకి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయిదుని కొట్టేసి పది వేసింది. మీ అబ్బాయికి నేనే ఫోను చేసి చెబుతానంది.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ దీపిక శ్రద్ధ గల పిల్లని ముందే అనుకున్నాం కదా. మూడు వారాలు అడ్రసు మరిచిపోని మనిషి ఆ రోజు తాతగారి పక్కనే కూచుని ఉందన్న సంగతి ఆ పిల్లకి అప్పుడు తట్టింది. అమ్మమ్మగారూ, మీరు కాస్త బయట బల్ల మీద కూచుంటారా, తాతగారిని ఇంకోసారి అడుగుతానంది. ఈసారి పెద్ద కాగితం తీసింది, ఇరవై ప్రశ్నలది.

మహాలక్ష్మమ్మ బయట కూచుంది. తలుపు ఓరగా ఉంది, అన్నీ వినపడుతున్నాయి. ఏ వారమని అడిగితే ఆయన నవ్వాడు. తర్వాత ఏమీ వినపడలేదు. ఆ ఖాళీల్లోకి ఏడాదిన్నరగా తనే మాటలు వేస్తూ వచ్చింది. అవి ఇంత పొడుగ్గా ఉంటాయని ఆవిడకి తెలియదు. ఒళ్లో చేతివేళ్లు వాటంతటవే చాచుకుంటుంటే రెండో చేత్తో అదిమి పట్టుకుంది. ఇదుగో, ఇదుగో అని లోపలి నుంచి రెండుసార్లు పిలిచాడు. ఆవిడ పైట కొంగు పళ్ల మధ్య బిగించి కూచుంది.

చివరి ప్రశ్న, ఇంట్లో మీతో ఉండే ఆవిడ పేరేమిటి తాతగారూ అని. లోపల మళ్లీ ఖాళీ. దీపిక గొంతు ఈసారి చాలా మెత్తగా వినపడింది.

"మీరు కూడా పేరు అనకూడదా తాతగారూ?"

"అదేనమ్మా. అనకూడదు. మా ఇళ్లల్లో అంతే."

"అయితే దీనికి మార్కు వేసేస్తాను. అంచు మీద గట్టెక్కారు. ఈ ఒక్కటీ పోయుంటే విశాఖపట్నం పెద్ద డాక్టరుకి రాయాల్సి వచ్చేది."

బయట మహాలక్ష్మమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తన కాగితం మీద పది ఉంది. ఆయన గట్టెక్కాడు. రేపటి నుంచి పీట పీట చోట ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ కోరుకున్నదంతా అదే, అడగకుండానే దొరికింది.

కానీ మొగవాడికి ఆ అడ్డు ఎక్కడుంది? మాలచ్చీ అని ఆయన గల్లాపెట్టె దగ్గర్నుంచి పిలిస్తే రైల్వే గేటు దాకా వినపడేది. సరుకుల లారీ వస్తే మాలచ్చీ, కాఫీ చల్లారిపోతే మాలచ్చీ, యాభై ఏళ్లు వీధి వీధంతా ఆ పేరు విన్నారు. ఉగాది దాటిన దగ్గర్నుంచి ఇదుగో అంటున్నాడు. ఆవిడ గమనించలేదా? గమనించింది. ముసలితనంలో ముద్దుగా అంటున్నాడులే అని తనకి తనే చెప్పుకుంది. తన పేరు కూడా ఆయన ఎడం చెవిలో తనే అందిస్తూ ఎన్నాళ్లు కూచుంటుంది? రేపు తను ముందు పోతే ఆ చెవిలో ఎవరు చెబుతారు?

ఆవిడ లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. దీపిక కాగితం మీద మొత్తం వేస్తోంది. ధర్మారావు నవ్వు మొహంతో, పరీక్ష నెగ్గిన పిల్లాడిలా కూచుని ఉన్నాడు.

"ఆయనకా అడ్డు లేదమ్మా. మొగోళ్లకి ఆ అడ్డేటీ లేదు. ఏబై ఏళ్లు నా పేరెట్టే పిలిసినాడు," అంది మహాలక్ష్మమ్మ. "దానికి సున్నా ఎయ్యి."

దీపిక ఆవిడ మొహంలోకి చూసింది.  మార్కు కొట్టేసి, పక్కన సున్నా చుట్టింది. మహాలక్ష్మమ్మ ఆ సున్నా పడే దాకా నిలబడి చూసి, వెళ్లి ఆయన ఎడం పక్క కుర్చీలో కూచుని, ఎవరు చూస్తున్నారన్నది లేకుండా ఏడ్చింది.